గుట్ట రంగు పోగు

మొన్న మా అమ్మాయికి బడి బట్టలు కొనడానికి మదీనాగూడలో ఒక దుకాణానికి వెళ్ళాను. గోడ పొడవునా అరల్లో గళ్ళ లంగాలు, గళ్ళ చొక్కాలు. ఆకుపచ్చలో నీలం, ఎరుపులో నలుపు, బూడిదరంగులో పసుపు గీత. నేనొక లంగా లాగి చూస్తుంటే కౌంటర్ దగ్గరి పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "అది మీది కాదమ్మా, ఆ గళ్ళు వేరే బడి వాళ్ళవండి. మీవి పై అరలో ఉన్నాయి చూడండి," అన్నారు. నేను బడి పేరు చెప్పనే లేదు. పిల్ల ఒంటిమీదున్న పాత లంగా చూసి చెప్పేశారు.

"అమ్మా, గళ్ళు చూసి ఎవరు ఎక్కడివాళ్ళో చెప్పొచ్చా?" అంది మా అమ్మాయి.

కొత్త బట్ట గంజి వాసన ముక్కుకు కొట్టింది. ఇలాంటి మాటే మా తాత అడిగాడు ఒకప్పుడు, నాకు దాని వయసున్నప్పుడు, ఖాజాగూడలో మా అరుగు మీద.

అప్పటికి ఖాజాగూడ అంటే ఒక చెరువు, చెరువు వెనక గుట్టలు, గుట్టల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి మధ్య మా మంద. మేం కురుమలం. గొర్రెలు కాయడం, ఉన్ని వడకడం, గొంగడి నెయ్యడం, ఇదే మా ఇంటి పని. ఇంటి వెనక కొట్టంలో తాత గుంట మగ్గం ఉండేది. గుంటలో కాళ్ళు దించి కూర్చుంటే తాత నడుము దాకే కనిపించేవాడు, చిన్నప్పుడు నేను ఆయన నేలలోంచి మొలిచాడనుకునేదాన్ని. అవ్వ, అంటే మా నాయనమ్మ, గడపలో రాట్నం పెట్టుకుని నల్ల ఉన్ని వడికేది. ఇల్లంతా ఒకటే వాసన, తడిసిన గొర్రె వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా దొరికితే ఎంత దూరమైనా పోతాను.

ఉన్ని బస్తాలో మేం పిల్లలం పచ్చి సీతాఫలాలు దాచేవాళ్ళం. ఉన్ని వెచ్చదనానికి రెండు రోజుల్లో పండేవి. మరిచిపోతే చీమలు పట్టేవి. చీమలు పట్టిన ఉన్ని ఏకుతూ అవ్వ తిట్టే తిట్లకు చెరువులో కొంగలు లేచిపోయేవి. తిట్టి తిట్టి, చివరికి జొన్నరొట్టెలో ఇంత మిరం తొక్కు పెట్టి చేతిలో పెట్టేది.

గుట్ట ఎక్కితే మాదాపూర్ వైపు గుండ్రటి అద్దాల మేడ కనిపించేది, ఇంకా సగం కట్టిన మేడ. దానికోసం, దాని దారుల కోసం రోజూ మధ్యాహ్నం ఈల వేసి రాళ్ళకు మందు పెట్టి పేల్చేవాళ్ళు. ఈల వినగానే గొర్రెలు తలలు ఎత్తేవి. పేలుడు వినగానే చెల్లాచెదురయ్యేవి. మేత బీడులకు ఒక్కొక్కటిగా కంచెలు పడ్డాయి. నాయిన అప్పటికే డ్రైవర్ పనిలో చేరాడు, మేడకు అద్దాలు బిగించే ఒక విదేశీ ఇంజనీరు కారు నడిపేవాడు. ఆ ఏడు దసరా దాటగానే నాయిన మంద అమ్మేశాడు. కత్తెర కూడా వేయనివ్వలేదు, కొన్నవాడు ఉన్నితో సహా తోలుకుపోయాడు.

ఆ రోజు నుంచి తాత నాయినతో మాట్లాడటం మానేశాడు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళు, ఒకే కుండలోని జొన్న గట్క తాగేవాళ్ళు. చెప్పాల్సిందేదైనా ఉంటే తాత గాలికి చెప్పేవాడు. "పైకప్పు కురుస్తున్నదని చెప్పు మీ నాయినకు," అనేవాడు నాతో, నాయిన మూరెడు దూరంలో కూర్చుని ఉండగా. నేను అటు తిరిగి, "నాయినా, పైకప్పు కురుస్తున్నదంట," అనేదాన్ని. మొదట్లో అదొక ఆటలా ఉండేది. తరవాత భయం వేసేది.

అసలు చిక్కు అత్త పెళ్ళి. నాయిన చెల్లెలు, ఇంట్లో ఆఖరి ఆడపిల్ల. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. మా ఇంట్లో పెళ్ళికూతురు పీట మీద కూర్చోదు, కొత్త గొంగడి మీద కూర్చుంటుంది. ఆ గొంగడి మన మంద ఉన్నితో, మన మగ్గం మీద నేసిందే కావాలి. ఆ ఉన్ని దారమే చేతికి కంకణంగా కడతారు. మా అవ్వ అలా కూర్చుంది, ఆమె ఆడబిడ్డలు అలా కూర్చున్నారు. తాత మగ్గం మీద గొంగడి సగం అయింది. మిగతా సగానికి ఉన్ని లేదు. మంద లేదు.

వేరే వాళ్ళ ఉన్ని కొనుక్కొస్తానన్నాడు నాయిన. తాత గోడ వైపు చూసి చెప్పాడు: "సొంత ఉన్ని లేనిది గొంగడి లేదు. గొంగడి లేనిది నేను పందిట్లకు రాను."

అత్త ఆ మాట విని కొట్టంలోకి పోయి మగ్గం పక్కన కూర్చుంది. నేను వెనకే వెళ్ళాను. "గొంగడి లేకుంటే సాప మీద కూసుంట," అంది నాతో, "మా అయ్య ముందట లేకుంటే ఎట్ల కూసుంట చెప్పు." ఎక్కడేసిన గొంగడి అక్కడే అంటారు చూడండి, ఆ సామెత మా కొట్టంలో మగ్గం మీద కళ్ళ ముందు ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున గుట్ట మీద ఒక ముసలమ్మ చెంచాతో రాయి గీకుతూ కనిపించింది.

తెల్ల జుట్టు, తాటిచెట్టంత ఎత్తు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో కాగితం సంచి. రాతి మీద అక్కడక్కడా పట్టే బూడిదరంగు పొరను గీకి గీకి సంచిలో వేసుకుంటోంది. భుజం మీద ఒక బట్ట. ముదురాకుపచ్చ మీద నీలం పట్టీలు, వాటి మధ్య సన్నగా ఎర్ర గీత. ఎటునుంచి చూసినా, అడ్డంగా చూసినా నిలువుగా చూసినా, అదే వరస. ఎండ పడితే ఆ ఆకుపచ్చ లోపలి నుంచి ఇంకో ఆకుపచ్చ వచ్చేది. నేను అంతవరకు నలుపు, తెలుపు, గోధుమ, బూడిద, ఈ నాలుగు రంగుల ఉన్నే చూశాను. ఉన్నికి ఇన్ని రంగులుంటాయని, అవి ఇట్లా ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నడుస్తాయని నాకు తెలియదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

నాతో ఉన్న పిల్లలకు భయం లేదు. ఒకడు సీతాఫలం ఇచ్చి తొక్కతో సహా కొరకాలని చేత్తో చూపించాడు. ఆమె నమ్మి కొరికింది. మేం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఆమె ఉమ్మేసి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, తనూ నవ్వింది. ఇంతలో కింద నుంచి నాయిన పరుగెత్తుకొచ్చాడు. ఆమె ఆ అద్దాల ఇంజనీరుగారి తల్లి. కొడుకు దగ్గర చలికాలం గడపడానికి స్కాట్లాండ్ నుంచి వచ్చింది. ఊరు తిప్పుతానంటే చార్మినార్ వద్దని, రాళ్ళ దగ్గరికి తీసుకుపొమ్మందట.

"మేడం తోని గిట్ల ఆటలాడ్తే నా నౌకరి పోతది," అన్నాడు నాయిన పళ్ళ మధ్య నుంచి.

మేం ఆమెకు గళ్ళవ్వ అని పేరు పెట్టాం. రోజూ వచ్చేది. ఒకరోజు దిగుతుండగా తుమ్మ ముల్లు తగిలి భుజం మీది బట్ట జానెడు చిరిగింది. ఆమె ముఖం చూస్తే ముల్లు ఒంట్లో దిగినట్టే ఉంది. మా ఇల్లు దారిలోనే. అవ్వ రాట్నం ఆపి, లేచి వచ్చి, అడక్కుండానే ఆ బట్ట అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఉన్ని పట్టుకోవడానికి అవ్వకు పరిచయాలు అక్కర్లేదు.

"గొర్రెదే," అంది. "మంచి గొర్రె. పోగులు ఏటవాలుగ పోతున్నయి సూడు. ఇడ్సిపెట్టి పొమ్మను, కుడ్త."

నాయిన చెప్పాడు. గళ్ళవ్వ కాసేపు ఆలోచించి, భుజం మీంచి తీసి అవ్వ చేతుల్లో పెట్టింది. పసిబిడ్డను అప్పగించినట్టు పెట్టింది.

తరవాత జరిగింది మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. అవ్వ చిరుగును సన్న పోగుతో ఎంత బాగా అల్లిందంటే వెతికితే తప్ప దొరకదు. అంతటితో ఊరుకోవచ్చు. కానీ బట్ట మరీ మెత్తగా ఉందని అవ్వకు జాలి వేసింది. "నీళ్ళు తాగిన గుడ్డ లెక్కున్నది, వానొస్తే ఏమాగుతది," అని గొణిగి, గొంగడికి చేసే మర్యాద దానికీ చేసింది. చింతగింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి, ఆ చిక్కటి గంజి కుంచెతో గళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టించి ఎండలో వేసింది. కుంచెకు ఒక పక్క నేనే పట్టుకున్నాను, గర్వంగా.

సాయంత్రానికి అది తలుపు చెక్కలా తయారైంది. గోడకు ఆనిస్తే నిలబడింది.

నాయిన ఇంటికి వచ్చి దాన్ని చూసి గడపలోనే కూలబడ్డాడు. "అవ్వా," అన్నాడు. అది గళ్ళవ్వ వాళ్ళ అమ్మదట, ఆమెకు వాళ్ళ అమ్మ నుంచి వచ్చిందట. రాత్రంతా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. మంద పోయింది, ఇక నౌకరీ కూడా పోతే ఇల్లు దేని మీద నిలబడుతుందన్నది పిల్లలకు కూడా తెలిసే విషయం.

మర్నాడు గళ్ళవ్వ వచ్చింది. అవ్వ ఆ బట్టను రెండు చేతులా తీసుకొచ్చి, ఎంతో మర్యాదగా, ఆమె ముందు నిలబెట్టింది. గళ్ళవ్వ దాన్ని ముట్టుకుంది. వేలితో కొట్టింది, టకటకమని చప్పుడైంది. వంగి వాసన చూసింది. నాయిన కళ్ళు మూసుకున్నాడు. తరవాత ఆమె అరుగు మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వి, తుడుచుకుని, నాయినతో ఏదో చెప్పింది. నాయిన చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటున్నది?" అంది అవ్వ.

"ఏం లేదు."

"చెప్పురా."

"ఆళ్ళ ఊర్ల గూడ గట్లనే చేస్తరంట. కొత్త గుడ్డ గట్టివడాలంటే ఆడోళ్ళంత బల్ల సుట్టూత కూసోని, పాటలు పాడుకుంట దంచుతరంట." నాయిన ఆగాడు. "గంజి కాదు గని."

"మరేంది?"

నాయిన నావైపు, ఆకాశం వైపు చూశాడు. "ఉచ్చ. ఇండ్లల్ల కుండలల్ల నిలవబెట్టిన ఉచ్చల నానేస్తరంట."

మేం పిల్లలం నేల మీద పడి దొర్లాం. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ మాత్రం నవ్వలేదు. గళ్ళవ్వను ఎంతో జాలిగా చూసింది. "పాపం, ఆడ చింతచెట్లు ఉండయేమో," అంది.

కొట్టం గుమ్మంలో నిలబడి తాత ఇదంతా విన్నాడు. మంద పోయాక మొదటిసారి ఆయన మీసాల కింద నవ్వు కదలడం నేను చూశాను. వచ్చి, అరుగు చివర కూర్చుని, ఆ చెక్కలాంటి బట్టను ఒళ్ళోకి తీసుకున్నాడు. అడ్డం పోగులు చూశాడు, నిలువు పోగులు చూశాడు. గళ్ళ వరస పెదవులతో చదువుకుంటూ పోయాడు. "ఈ గళ్ళు ఎవరు పెట్టిన్రో అడుగు," అన్నాడు. నాతో అనలేదు. అవ్వతో అనలేదు. నాయిన ముఖం చూసి అన్నాడు.

నాయిన గొంతు సవరించుకుని ఆమెను అడిగాడు.

ఆ రోజు మొదలు మాఘం దాకా మా అరుగు మీద జరిగిన మాటలు నేను మరిచిపోలేను. నాయినకు వచ్చిన ఇంగ్లీషు కారు నడపడానికి సరిపోయేది, చరిత్ర చెప్పడానికి కాదు. ఆయన తర్జుమాలో సగం ఆమెది, సగం ఆయనది అని పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది. అయినా అసలు సంగతులు తప్పు పోలేదు.

వాళ్ళది కూడా రాళ్ళ దేశమట. గుట్టలు, మధ్య లోయలు, లోయకొక కులంలాంటి గుంపు. దాన్ని క్లాన్ అంటారట. ఆ మాటకు వాళ్ళ పాత భాషలో పిల్లలు అని అర్థమట. పెద్ద ఒక్కడు, మిగతా అందరూ ఆయన పిల్లల కింద లెక్క. "అందరు ఆయన కడుపున పుట్టినోళ్ళేనా?" అని తాత అడిగాడు. కాదట. దిక్కులేక వచ్చి చేరినవాళ్ళు కూడా ఆయన ఇంటిపేరే పెట్టుకునేవాళ్ళట, ఆయన వెంట యుద్ధానికి పోయేవాళ్ళట. తాత గడ్డం నిమురుకున్నాడు. ఆ తాతల పేర్లన్నీ తరతరాలుగా నోటితో చెప్పే మనుషులు వేరే ఉండేవాళ్ళట. "మన ఒగ్గోళ్ళ లెక్క," అంది అవ్వ. మా కులదేవుడు బీరప్ప పండుగకు డోలు కొడుతూ మా వంశాల కథ చెప్పేవాళ్ళు ఒగ్గువాళ్ళు. దానికి బదులుగా తాత, గొర్రెలు మొట్టమొదట పుట్టలోంచి ఎట్లా పుట్టుకొచ్చాయో చెప్పాడు. నాయిన దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి చేతులూ కాళ్ళూ వాడాల్సి వచ్చింది. పుట్టలోంచి గొర్రెలు రావడం నాయిన వేళ్ళ మీద చూసి గళ్ళవ్వ కళ్ళు ఇంతింత చేసుకుంది.

ఒకసారి వాళ్ళు రాజు మీద తిరగబడి ఓడిపోయారట. అప్పుడు రాజు ఆ గళ్ళ బట్ట కట్టొద్దని చట్టం చేశాడట. మొదటిసారి కడితే జైలు, రెండోసారి కడితే సముద్రం దాటించి పంపెయ్యడం. నేను అవ్వ ఒళ్ళోకి జరిగాను. ఒక బట్టంటే రాజుకు అంత భయమా అనిపించింది. మగ్గం వైపు చూశాను. సగం గొంగడి నల్లగా, ఏమీ ఎరగనట్టు వేలాడుతోంది. అంతవరకు అది చలికి కప్పుకునే వస్తువు. ఆ రోజు దాన్ని చూస్తే ఒళ్ళు జలదరించింది.

"ఆ తర్వాత?" అన్నాడు తాత.

ఆ తర్వాతది చెప్పేటప్పుడు గళ్ళవ్వ గొంతు తగ్గింది. కొన్నేళ్ళకు, తండ్రుల్లాంటి ఆ పెద్దలే, భూములు తమ పేరున ఉన్న పెద్దలే, జనం కంటే గొర్రెలే లాభమని లెక్క వేసుకున్నారట. లోయలు లోయలే ఖాళీ చేయించారట. కదలనివాళ్ళ పైకప్పులు కాల్చారట. ఆమె ముత్తవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ బట్టలోనే చుట్టి ఎత్తుకుపోయారట.

నాయిన చెప్పడం ఆపాడు. తాత చెరువు వైపు తిరిగాడు. దూరంగా ఈల వినిపించింది, తరవాత పేలుడు. అరుగు అదిరింది.

"ఆడ గొర్ల కోసం మనుషులను ఎల్లగొట్టిన్రు," అన్నాడు తాత మెల్లగా. "ఈడ మనుషుల కోసం గొర్లను ఎల్లగొడ్తున్రు." తరవాత నాయిన వైపు తిరిగాడు. "నువ్వొక్కనివి ఏం జేస్తవురా."

నాయిన తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను నాయిన ఏడవడం అప్పుడే చూశాను, మళ్ళీ తాత పోయినప్పుడే చూశాను.

తాతను మార్చింది మాత్రం అది కాదు. ఇంకో రోజు మాట. వెయ్యేళ్ళ నుంచి ఇవే గళ్ళు మీవా అని తాత అడిగితే గళ్ళవ్వ తల అడ్డంగా ఊపింది. తన అవ్వ అట్లనే చెప్పేది గానీ నిజం కాదంది. ఈ ఇంటికి ఈ గళ్ళు అని ఖాయం చేసింది తరవాతి కాలంలో, చట్టం ఎత్తేశాక, చాలామటుకు నేతగాళ్ళూ దుకాణాలవాళ్ళూనట. అంతకు ముందు ఏ లోయలో ఏ ఆకు, ఏ వేరు, ఏ రాయి రంగు ఇస్తే వాళ్ళు అదే కట్టేవాళ్ళట. చెంచాతో రాళ్ళు గీకేది అందుకే. వాళ్ళ గుట్టల మీద రాతికి పట్టే పొరను ఉన్నితో కలిపి ఉడికిస్తే ఇటుక రంగు వస్తుందట. ఇక్కడి రాయి ఏ రంగు ఇస్తుందో చూద్దామని ఆమె ఆశ.

"బిర్యానీల ఏసే రాతిపువ్వు లెక్కనే ఉన్నది," అంది మా అమ్మ సంచిలోకి తొంగిచూసి.

తాత ఇవేవీ వినడం లేదు. "అంటే మొదాలు ఇల్లు గాదు," అన్నాడు తనలో తాను. "మొదాలు గుట్ట. ఈ గుట్ట మేసిన గొర్లది ఏదైనా మన ఉన్నే."

"మరి నువ్వేమో ఇల్లు, మంద అని ఇన్నొద్దులు కూసున్నవు," అంది అవ్వ, సందు దొరికిందే చాలని. "గొంగట్ల బువ్వ తినుకుంట ఎంటికెలు ఏరినట్టున్నది నీ యవ్వారం."

ఆ సాయంత్రం తాత ఉతికిన పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి, ఖాళీ సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. "నడువు," అన్నాడు నాయినతో. నన్నూ వెంటబెట్టుకున్నారు. ఖాజాగూడలో, నార్సింగి దాకా ఉన్న మా కురుమ ఇళ్ళకు ఒక్కొక్కదానికీ పోయాం. ఎవరి మందా నిలిచేలా లేదు, అందరూ ఇవాళో రేపో అమ్మేవాళ్ళే. గుమ్మంలో నిలబడి తాత అడిగిన మాట ఒక్కటే. "పిల్ల పెండ్లి. ఒక్క పిడికెడు ఉన్ని ఇయ్యుండ్రి." ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి. ఒక ఇంటి ముసలాయన చేతిలో ఉన్ని పట్టుకుని, "మా ఉన్ని మీ గొంగట్ల కలుస్తదా?" అన్నాడు. తాత సంచి మూతి తెరిచి పట్టుకుని, "కలుపుకుంటె కలుస్తది," అన్నాడు. ఆయన పిడికెడు కాదు, దోసెడు వేశాడు. ఆడవాళ్ళు ఉన్ని వేసి, పైన ఇంత పసుపు చల్లారు. తిరిగి వచ్చేటప్పుడు సంచి నాయిన భుజం మీద ఉంది. వాళ్ళిద్దరూ ముందు నడుస్తూ ఏవో మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు, వినాలనీ అనిపించలేదు. వాళ్ళ వెనక నడవడమే చాలా బాగుంది.

అవ్వా, అత్తా, అమ్మా పగలంతా ఏకి వడికారు. గళ్ళవ్వ కూడా ఒక మూల కూర్చుని వడికింది, పోగు లావుగా వస్తే అవ్వ ఆమె చేతి మీద మెల్లగా కొట్టేది. ఆఖరున గళ్ళవ్వ మా పెరట్లో పొయ్యి మీద కుండ పెట్టి, గుట్ట మీంచి గీకి తెచ్చిన పొడి, పిడికెడు తెల్ల ఉన్ని కలిపి ఉడికించింది. రాయికి వాసన ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. వాన పడ్డ తొలి నిమిషంలో గుట్ట మీద వచ్చే వాసన ఇల్లంతా కమ్మేసింది. మొదటిసారి ఏ రంగూ రాలేదు, మురికి నీళ్ళ రంగు వచ్చింది. అవ్వ పెదవి విరిచింది. గళ్ళవ్వ మళ్ళీ పొడి వేసి, మళ్ళీ ఉడికించింది. చెంచాతో పైకి తీసినప్పుడు ఆ ఉన్ని సాయంత్రం ఎండ పడ్డ రాయి రంగులో ఉంది. పచ్చ కాదు, ఎరుపు కాదు, అచ్చం మా గుట్టే.

మేం పుట్టినప్పటి నుంచీ ఎక్కి జారిన రాయిలో ఆ రంగు ఉందని మాకెవరికీ తెలియదు. తాత ఆ తడి ఉన్నిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

గొంగడి అంచున ఆ పోగు ఒక్క గీతగా వేశాడు.

మాఘంలో అత్త ఆ గొంగడి మీద కూర్చుంది. తాత ఎదురుగా కూర్చుని ఉన్ని కంకణం కట్టాడు. గళ్ళవ్వ చింతగింజల గంజి పట్టిన తన బట్టనే వేసుకుని వచ్చింది. కూర్చున్నప్పుడల్లా అది ఆమె భుజాల మీద పటపటమనేది. పెళ్ళివారి ఆడవాళ్ళు ఆమెది ఏ ఇల్లని అడిగితే, "ఆమెది గూడ గొర్లోళ్ళ ఇల్లే," అంది అవ్వ.

ఎండలు ముదరక ముందే ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు, ఏమైందో మాకు తెలియలేదు. తాత ఆ తరవాత మగ్గం గుంటలోకి దిగలేదు. అదే ఆయన ఆఖరి గొంగడి. రెండు మూడేళ్ళలో ఈల మా గుట్ట దగ్గరికే వచ్చింది.

దుకాణం నుంచి బయటికి వచ్చాక మా అమ్మాయిని తీసుకుని నేరుగా నార్సింగికి, అత్త ఇంటికి వెళ్ళాను. పన్నెండో అంతస్తు. అత్త మంచం కింది పెట్టె లాగి, ఎండు వేపాకులు దులిపి, గొంగడి తీసి నేల మీద పరిచింది. ఆ వాసన లేచింది. నేను చెప్పులు వదిలి దాని మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మా వాళ్ళ పెళ్ళిళ్ళు ఎన్ని జరిగాయో, ఏ హాల్లో జరిగినా ఇది వెళ్ళి వస్తూనే ఉంది. మేం ఇప్పుడు తలా ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. పెళ్ళికూతురు ఎవరైనా, కూర్చునేది దీని మీదే.

దూరం నుంచి నలుపే. దగ్గరగా చూస్తే నల్లటిది, బూడిద నలుపు, మాడిన రొట్టెలాంటి గోధుమ నలుపు, పక్కపక్కనే. మా అమ్మాయి దుకాణం పెద్దాయనలా వంగి చూస్తూ, వేలు పెట్టి అడగడం మొదలుపెట్టింది. ఇది ఎవరిది. ఇది. అత్త కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా చెప్పుకుంటూ పోయింది. ఇది చెరువు కట్ట కిందోళ్ళది. ఇది మీ అమ్మోళ్ళ తాతది, మన మందది, సగం దాంకా మనదే. ఇది ఆ దోసెడు ఏసిన ముసలాయనది, ఆయన గొర్లన్నీ గోధుమవే.

వేలు అంచు దగ్గరికి వచ్చింది. "ఈ రంగు గొర్రె కూడా ఉంటుందా?"

"అది గొర్రెది గాదు బిడ్డా," అంది అత్త. "అది గుట్టది."

"ఏ గుట్ట? ఎక్కడుంది?"

నేను కిటికీ వైపు చూశాను. అద్దాల్లోంచి ఖాజాగూడ వైపు మేడలు కనిపిస్తున్నాయి, వాటి వెనక ఇంకా మేడలు. ఎటు చూపించాలో నాకు తెలియలేదు. అత్త అటు చూడనే లేదు. మా అమ్మాయి వేలు పట్టుకుని, ఆ పోగు మీద ఆనించింది.

"ఇగో," అంది, "గీడున్నది."